వీధివాళ్ల పేరుతో నేను రాసిన అర్జీ

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలాగని రోజూ కుమిలిపోయాననుకునేరు. లేదు. వేళకు తిన్నాను, హాయిగా నిద్రపోయాను, పండక్కి పట్టుచీర కట్టాను. అది మాత్రం లోపలే ఉండిపోయింది. మింగలేక కక్కలేక గడిపాను. నన్ను ఓదార్చే ఉద్దేశం మీకుంటే ఇక్కడే ఆపేయండి. నాకు మీ జాలి అక్కర్లేదు.

నేను బెంగాల్లో, ఖరగ్‌పూర్‌లో తెలుగు బడి పంతులమ్మగా చేసినదాన్ని. అప్పట్లో మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా, న్యూ సెటిల్‌మెంట్‌లో క్వార్టర్. అక్కడ అందరూ కంచె రోడ్డు వైపు జరిపి ఇంత తోట వేసుకుంటారు. అందరూ నాలుగడుగులు జరిపితే నేను పది జరిపాను. మల్లెపందిరి, బెండ మొక్కలు, రెండు బొప్పాయి చెట్లు. రైల్వే నేలని తెలుసు, అయినా నాదే అనుకున్నాను. పొద్దున్నే నిమ్‌పురాలోని రైల్వే షెడ్డుకు పనికి పోయే సైకిళ్లన్నీ ఆ కంచె పక్కనుంచే గంటలు కొట్టుకుంటూ పోయేవి. ఆ గంటలంటే నాకు ఒళ్లుమంట. ఆ మనుషులన్నా అంతే. వాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దిస్తూనే వాళ్లను అసహ్యించుకున్నాను. ఎందుకు? వాళ్లు నాకేం చేశారు?

ఆ సైకిళ్ల మీద పోయేవాళ్లలో పైడమ్మ ఒకతె. మొగుడు పోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు, షెడ్డులో బరువులు మోసే ఖలాసీగా. సంతకం రాదంటే నెల రోజులు కూర్చోబెట్టి నేర్పింది నేనే. ఆమె ఒకసారి గుడి దగ్గర పదిమందిలో, "టీసరమ్మ కంచె ఇంకో ఏడాదికి రోడ్డు దాటి అవతలికెలిపోద్ది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల కత్తులు నూరుకుంటూ.

తర్వాత కొన్నాళ్లకు నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వేరే దారి వేయడానికి ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. మా వీధి నుంచి నిమ్‌పురా దాకా, లారీలు తగలకుండా పక్కన గట్టుతో సహా. కొలతల వాళ్లు వచ్చి సున్నం గీత గీశారు. అది నా మల్లెపందిరి కిందనుంచి పోయింది. వీధివాళ్ల అభిప్రాయం రాసిమ్మన్నారు. మా వీధిలో తక్కిన ఇళ్లవాళ్లకు ఇంగ్లీషు రాదు, ఏ అర్జీ అయినా ఇంగ్లీషులో నేనే రాసేదాన్ని. నేను రాస్తాను, వాళ్లు సంతకం పెడతారు. చదివి వినిపించమని ఎవరూ అనరు. అంటే పంతులమ్మను అనుమానించినట్టేనని వాళ్ల భయం.

ఈ దారి మాకు వద్దు, ఆ డబ్బు వేరే చోట ఖర్చు పెట్టుకోండి అని రాశాను. చక్కటి దస్తూరీతో రాశాను. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకున్నాను. పైడమ్మ ఒక్కతే కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటి రాసినారు టీసరమ్మా?"

"సైకిళ్లకి దారి బేగి ఎయ్యమని రాసినాను."

"నిన్న కూడా లారీ నన్ను గుద్దేసినంత పని సేసినాది. బతికించినారు తల్లీ. ఎక్కడెట్టాల?"

వేలు పెట్టి చూపించాను. పెదవి కొరుక్కుంటూ ఒక్కో అక్షరం దిద్దింది. అప్పుడైనా ఆ కాగితం లాక్కుని చించేయలేకపోయానా? చించగలను. చించలేదు. నన్ను చూసి నవ్విన మనిషి చేతనే ఆ దారి వద్దనిపించానని ఆ నిమిషంలో నాకు సంతోషం కలిగింది. సిగ్గు చాలా కాలం తర్వాత గాని రాలేదు.

డబ్బు ఊళ్లో ఇంకో పేటకు పోయింది. తెలుగువాళ్లంటే సర్కారుకు చిన్నచూపని వీధంతా తిట్టింది. నేనూ తిట్టాను, అందరికంటే గట్టిగా. ఆ వానాకాలమే డ్యూటీకి పోతున్న పైడమ్మను లారీ కొట్టింది. ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అంత పని కూడా చేయగలిగాను. రెండేళ్లకు మేం అదే ఊళ్లో దూరంగా ఉన్న ఝపటాపూర్‌లో సొంత ఇంటికి వచ్చేశాం. ఆ క్వార్టర్‌లోకి వచ్చినవాళ్లు తోట పీకేసి మోటార్ సైకిల్ పెట్టుకుంటున్నారు.

పోయిన నెల పైడమ్మ మా ఇంటికి వచ్చింది, చంకకర్రల మీద, అంత దూరం. దారికి మళ్లీ డబ్బొచ్చిందట. మళ్లీ అభిప్రాయం రాసిమ్మన్నారట.

"ఆ పాలి మీరంత బాగా రాసినా ఆల్లు ఇనలేదు. ఈ పాలి ఇంకా గట్టిగా రాయండమ్మా" అంది.

రాశాను. ఈసారి నిజంగానే దారి కావాలని రాసి, తెలుగులో చెప్పబోయాను. వద్దంది. మీ మాట మీద నమ్మకం లేకనా ఇంత దూరం వచ్చాను అంది. దండం పెట్టి, కర్రలు సర్దుకుని, లారీలు పోయే రోడ్డు మీదే వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడి చూశాను. వెనక్కి పిలవలేదు.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఇవాళ్టికీ లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పాను. ఇదీ పిరికితనమే. నన్ను క్షమించకండి, ఆ హక్కు మీకు లేదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.