పలాస స్టేషన్ రోడ్డులో నా పేరు మీద ఒక గది

రాజమండ్రిలో మా కుట్టు షాపులో సాయంత్రమైతే ఆరుగురం ఆడవాళ్ళం చేరతాం. ఏళ్ళ తరబడి ఒకటే మాట, ఎక్కడికైనా మనంతట మనం వెళ్ళాలని. గుడికి కాదు, పెళ్ళికి కాదు, ఊరికే సముద్రం చూడ్డానికి. పలాస దగ్గర ఉద్దానం తీరం బాగుంటుందని ఎవరో చెబితే అక్కడికే అనుకున్నాం. తీరా అనుకున్నాక మాలో పెద్దావిడ సత్యవతి గారి అబ్బాయి ఒక్క మాటతో నీళ్ళు చల్లాడు. "ఆ పలాస స్టేషన్ రోడ్డు గురించి తెలుసా మీకు? మొగ తోడు లేకుండా వెళితే గది ఎవడిస్తాడు? ఇచ్చినవాడి దగ్గర ఉండగలరా?" అన్నాడు. మిగతా ఇళ్ళల్లోనూ అదే పాట అందుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. నేను ముందు ఒక్కదాన్నే వెళ్ళి, ఒక రాత్రి ఉండి వస్తాననీ, భద్రమైన గది దొరికితే అందరం వెళ్దామనీ, దొరక్కపోతే ఈ ఊసే ఎత్తననీ అందరి ముందూ చెప్పేశాను. మాట జారాక వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు.

తెల్లవారక ముందే రాజమండ్రిలో హౌరా వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం రెండు దాటాక పలాసలో దిగాను. స్లీపర్ టిక్కెట్టు మూడొందల లోపే. టెక్కలిలో దిగి హైవే పక్క లాడ్జీల్లో ఉండొచ్చు గానీ, మేం అనుకున్న అక్కుపల్లి సముద్రానికి వెళ్ళాలంటే పలాసే దగ్గర, ఆటోలూ ఎక్కువ. స్టేషన్ బయట జీడిపప్పు దుకాణాలు, వాటి వెనక పిక్కలు కాల్చే ఫ్యాక్టరీల ఘాటు వాసన. భోజనం చేసి, చేతి సంచి ఒక్కటే పట్టుకుని గదుల వేటలో పడ్డాను. పగలు చూస్తే ఆ రోడ్డు మామూలు బజారే. కానీ మూడున్నరకే రెండు బ్రాందీ షాపుల ముందు జనం మూగుతున్నారు. జీడిపప్పు లోడుకి వచ్చిన లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఒక బారు మెట్ల మీద అప్పుడే ఒకాయన చొక్కా గుండీలు ఊడదీసుకుని ప్రపంచాన్ని తిడుతున్నాడు. రాత్రికి ఇది ఎలా ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

మొదటి లాడ్జీలో నన్ను చూడగానే నవ్వుతూ లేచి నిలబడ్డారు. ఆధార్ అడగలేదు, ఊరు అడగలేదు. ఐదొందలన్నాడు కౌంటర్లో అతను. అంత సులువుగా ఇస్తుంటేనే నాకు అనుమానం వచ్చింది. "రాత్రికా అండి, గంటలకా?" అని అడిగాడు, ఏదో కాఫీనా టీయా అన్నట్టు. "మీ అమ్మగారు వస్తే కూడా ఇలాగే అడుగుతావా నాయనా?" అని దిగి వచ్చేశాను. చెంపలు వేడెక్కిపోయాయి. రెండో దాంట్లో గది శుభ్రంగానే ఉంది, ఆధార్ కూడా అడిగారు. కానీ పక్క గదిలోకి ఒక తలుపు ఉంది, దాని గడియ అవతలి వైపు. "అది ఎప్పుడూ తియ్యరండి" అన్నాడు కుర్రాడు. తియ్యకపోతే గడియ ఎందుకు? అక్కడా దండం పెట్టేశాను.

అప్పటికి నా వాలకం చూసి ఒక ఆటో పక్కకి వచ్చి ఆగింది. నడిపేది జోగారావని ముప్పై ఐదేళ్ళ మనిషి, అక్కుపల్లి దారిలో ఒక పల్లె వాళ్ళది. "ఏటి మేడం, రూముల కోసమా? ఈ ఈదిలో మీకు కుదరవు. ఫేమిలీలకి ఇచ్చే లాడ్జి ఒకటున్నాది, రండి" అని తీసుకెళ్ళాడు. స్టేషన్ రోడ్డుకి ఆనుకున్నదే, కానీ ఒక మలుపు లోపలికి. కింద రిసెప్షన్ పక్కనే పొడవాటి షెడ్డు. అందులో పది మందికి పైగా ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తున్నారు. లాడ్జి ఓనరుకి జీడి వ్యాపారం కూడా ఉందట. మెట్లెక్కాలంటే ఆ ఆడవాళ్ళ కళ్ళ ముందు నుంచే ఎక్కాలి. చూడగానే నా మనసు అక్కడ నిలిచిపోయింది. ఇదే గది, ఇక్కడే, అనుకున్నాను.

మేనేజరు యాభై దాటిన మనిషి, విభూది రేఖలు, చాలా మర్యాదస్తుడు. అంతే మర్యాదగా గది లేదన్నాడు. "ఒక్క ఆడమనిషికి ఇవ్వమమ్మా. ఫేమిలీలకే." గదులు ఖాళీ లేవా అంటే ఉన్నాయన్నాడు. చూడండి ఈ చోద్యం! గంటలకి ఇచ్చేవాడు నన్ను నవ్వుతూ పిలిచాడు, భద్రంగా నడిపేవాడు పొమ్మంటున్నాడు. నేను నోరు తెరిచేలోగా జోగారావు ముందుకు వచ్చి, "బావా, మా అప్పే. మనోల్లే. ఇచ్చీ" అన్నాడు. అప్ప అంటే ఇక్కడ అక్క. అంతే, మేనేజరు మొహం విప్పారింది. "అలగ ముందే సెప్పాలి గదేటి" అంటూ తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఈ వైపు అంతటా ఇదే పద్ధతి. ఊరివాడు ఒకడు మనోల్లే అని మాట ఇస్తే ఆసుపత్రిలో మంచం, బస్సులో సీటు, లాడ్జిలో గది, అన్నీ తెరుచుకుంటాయి. అందులో మోసం లేదు, మాట ఇచ్చినవాడు నిజంగానే పూచీ పడతాడు.

తాళం మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాను. ఒంటి నిండా అలసట, స్నానం చేసి పడుకుంటే చాలుననిపిస్తోంది. కానీ వచ్చే నెల ఆరుగురం వస్తే ఆరుగురికీ జోగారావు తమ్ముడవుతాడా? సత్యవతి గారి అబ్బాయి గెలిచినట్టే కదా, మొగ తోడు ఉంటేనే గది దొరికిందని? "ఈయన నా తమ్ముడు కాదండీ. గంట క్రితమే పరిచయం. గది నా పేరు మీదే కావాలి" అన్నాను.

జోగారావు మొహం మాడిపోయింది. "నేనేటి తప్పు సేసినానండి? మీ మంచికే గదా సెప్పినాను" అన్నాడు. నిజమే, పాపం మంచివాడే. నాకు బాధేసింది, కానీ మాట మార్చలేదు. "నువ్వు మంచివాడివే బాబూ. రేపు ఇంకొకడు ఇదే మాట చెప్పి ఇంకొక ఆడదాన్ని తెస్తే? గది వాడి పేరు మీద ఉంటే రాత్రి తలుపు కొట్టే హక్కు కూడా వాడిదే అవుతుంది" అన్నాను. అతను వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు. మేనేజరు తాళం చెవి మళ్ళీ కొక్కేనికి తగిలించేశాడు.

నేను రిసెప్షన్ బల్ల మీద సంచి పెట్టుకుని కూర్చున్నాను. "ఇచ్చేదాకా ఇక్కడే ఉంటానండీ. తరిమితే తరమండి." మేనేజరు కాసేపు పేపరు చదివినట్టు నటించాడు. నేను కూర్చునే ఉన్నాను. ఖాళీగా ఉండలేక షెడ్డులోకి వెళ్ళి చాప మీద చేరాను. వాళ్ళలో పెద్దదైన నీలమ్మ నా చేతిలో నాలుగు పప్పులు పెట్టింది. పొట్టు తీయబోతే నాలుగూ రెండు ముక్కలయ్యాయి. "ఒలమ్మో, ఒద్దమ్మా, గుండంతా బద్ద సేసేత్తన్నారు!" అని ఆవిడ లాక్కుంది. గుండు అంటే చీలని పప్పు, దానికే ధర. షెడ్డంతా నవ్వులు. నేనూ నవ్వాను గానీ లోపల గుబులుగానే ఉంది, బయట ఎండ తగ్గుతోంది. ఎందుకొచ్చానో, ఎందుకు కూర్చున్నానో వాళ్ళకి చెప్పాను. నీలమ్మ చేతులు ఆపకుండానే గొంతు పెంచింది. "ఏటి బాబూ, ఆయమ్మకి గది ఇయ్యవా? ఆ తాగుబోతుల ఈదిలోకి తోలేత్తావేటి?"

"ఏటైనా అయితే నా పీకకి సుట్టుకుంటాది నీలమ్మా" అన్నాడు మేనేజరు, మర్యాదంతా పక్కన పెట్టి.

నేను లేచి వెళ్ళాను. "నాకేదో జరుగుతుందని మీ భయం. బయటికి పంపిస్తే జరగదా? మీ లాడ్జిలో జరగకుండా రోడ్డు మీద జరిగితే ఫరవాలేదా?" అన్నాను.  ఆయన తల దించుకుని ఓనరుకి ఫోను కలిపాడు. అవతలి గొంతు పెద్దది, నాకూ వినబడుతోంది. విషయం విని ఓనరు అడిగిన మొదటి ప్రశ్న, "ఆయమ్మ ఎవరి తాలూకా?"

ఎవరి మనిషి అని అర్థం. ఫలానా వాళ్ళ భార్య, ఫలానా వాళ్ళ చెల్లెలు అని ఏదో ఒక జవాబు ఉండి తీరాలి. ఆయన చేతిలో ఫోను లాక్కున్నంత పని చేశాను. "నా తాలూకా నేనేనండీ! రాజమండ్రిలో కుట్టు షాపు ఉంది నాకు. ఆధార్ ఇస్తాను, షాపు నంబరు ఇస్తాను, కావాలంటే ఇక్కడి పోలీసులకి ఫోన్ చేసి ఫలానా ఆవిడ మా లాడ్జిలో ఉందని మీరే చెప్పండి. గది బాగుంటే వచ్చే నెల ఆరుగురం ఆడవాళ్ళం వస్తాం. మూడు గదులు, రెండు రాత్రులు. పక్కన ఒక్క మగవాడు ఉండడు. ఇస్తారా, వేరే చోటు చూసుకోమంటారా?"

 ఓనరు పెద్దగా నవ్వాడు. "రాసుకో, రాసుకో. ఆయమ్మ పేరే రాసుకో." నా వాదన కంటే మూడు గదులే ఎక్కువ పని చేశాయని నాకు తెలుసు. అయితేనేం, గది గదే.

తొమ్మిది వందలు కట్టి పైకి వెళ్ళాను. రెండో అంతస్తు ఇవ్వబోతే వద్దని, రిసెప్షన్‌కి సరిగ్గా పైనున్న గది అడిగాను. గడియ లోపలి వైపు గట్టిగా పడుతోంది, కిటికీకి ఊచలున్నాయి, బాత్రూం గవాక్షం మనిషి దూరేంత లేదు, వరండాలో లైటు వెలుగుతోంది. చీకటి పడ్డాక స్టేషన్ రోడ్డు వైపు నుంచి పాటలు, అరుపులు మొదలయ్యాయి. ఒకసారి మెట్ల మీద తడబడే అడుగులు వినబడ్డాయి. మంచం దిగి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. అంతలో కింద నుంచి మేనేజరు కేక. "ఒరే, పైన ఆడమనిషి ఉన్నారు. దిగు ముందు!" అడుగులు దిగిపోయాయి. దేవుడికి కాదు, ఆయనకే మనసులో దండం పెట్టుకుని పడుకున్నాను. హాయిగా నిద్రపట్టింది.

పొద్దున్న ఇడ్లీ తిని బయటికి వస్తే జోగారావు ఆటో అక్కడే ఉంది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది గానీ, "బీచికి ఎల్దారా?" అన్నాడు. పోను, రాను, ఆగిన సమయంతో సహా ఏడొందలకి కుదిరింది. ఊరు దాటగానే జీడిమామిడి తోటలు, ఆ పైన కొబ్బరి తోటలు, దారంతా నీడే. అక్కుపల్లిలో పడవలు అప్పుడే ఒడ్డుకి లాగుతున్నారు. ఆడవాళ్ళు గంపల్లోకి చేపలు ఏరుతున్నారు. ఆ ఇసుకలో నిలబడి సత్యవతి గారికి ఫోన్ చేశాను. సముద్రం ఎలా ఉందని ఆవిడ అడగలేదు.

"గడియ పడిందా?"

"పడిందండీ."

"ఎవరైనా తలుపు కొట్టారా?"

"నా తలుపు ఎవరూ కొట్టలేదు."

 "అయితే నా పేరు కూడా రాయించు. మా వాడికి నేను చెప్పుకుంటాను" అన్నారు.

తిరిగి వస్తుంటే జోగారావు దారి మధ్యలో ఆటో నెమ్మది చేశాడు. "మూడు గదులూ ఆడోల్ల పేర్ల మీదేనాండి?" అవునన్నాను.  నా వైపు తిరక్కుండానే చెప్పాడు. "మా అత్తకి కిడ్నీల జబ్బండి. మా ఇంటిది ఆయమ్మని అట్టుకుని ఇసాపట్నం ఎల్లింది, ఆస్పత్రికి. నాకు కుదర్నేదు. ఇద్దరూ ఆడోల్లని ఎవులూ గది ఇవ్వనేదు. ప్లాట్‌ఫారం మీద తొంగున్నారు, జబ్బు మనిసితోటి. మగోడు నేకపోతే అంతే అనుకున్నానండి నేనూ." ఆటో పక్కకి తీశాడు. "మల్లీ నెల ఎల్లాలి. మా ఇంటిదానితో ఓపాలి మాటాడతారా? ఏటని అడగాలో దానికి తెల్దు."

ఆటో ఆపి ఫోను కలిపిచ్చాడు. ఆమె పేరు దమయంతి. చాలా చిన్న గొంతు. నేను చెప్పినదంతా విని, "నన్నెవులి తాలూకా అంటే ఏటి సెప్పాలమ్మా?" అంది. నీ పేరు చెప్పు అన్నాను. "నా పేరు సెప్తే సరిపోద్దా?" అంది. సరిపోయేదాకా అక్కడే కూర్చో అన్నాను. ఆ మాట అంటుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం బస్సులో టెక్కలి మీదుగా తిరిగి వస్తూ ఆలోచించాను. మేం సరదా కోసం గది అడిగాం, దొరక్కపోతే ఇంట్లో పడుకుంటాం. దమయంతి జబ్బు మనిషి ప్రాణం నిలబెట్టడానికి అడిగింది, దొరక్క నేల మీద పడుకుంది. ఆడదాన్ని కాపాడాలని తలుపు మూసే మంచివాళ్ళందరూ ఒక్కసారి ఆ ప్లాట్‌ఫారం వైపు చూడాలి. మేం ఆరుగురం వచ్చే నెల వెళ్తున్నాం. అన్ని పేర్లూ రాయించాను.

మీరూ ఇటు బయల్దేరితే ఒక్క సలహా. రైలు ఏదైనా సరే, ఎండ ఉండగానే దిగేలా చూసుకోండి. పగలైతే నచ్చని గదిని కాదని మెట్లు దిగిపోగలం, ఇవ్వనన్నవాడి ముందు కూర్చోనూగలం. చీకటి పడ్డాక మాత్రం ఏ తాళం చెవి ఇస్తే అదే పుచ్చుకుంటాం.