కొండమీద ఒక వారం

పెరుమాళ్సామి కొత్తవాళ్ళెవరిని చూసినా ముందు ఊరు అడుగుతాడు, ఆ తరువాత ఇల్లు అడుగుతాడు. పేరు చివరికి గుర్తొస్తే అడుగుతాడు, లేకపోతే లేదు. ఇందులో ఆయన కల్పించిందేమీ లేదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల కరిసల్ నేలను, అంటే నల్లరేగడిని, దున్నుకునే తెలుగువాళ్ళందరిదీ ఇదే అలవాటు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బయట ఎక్కడైనా తెలుగు ముక్క చెవిన పడిందా, ఇక ఊరూ ఇల్లూ అడిగి బంధుత్వం తేల్చందే వదలరు.

మనిషి కష్టజీవి. వాన పడితే మినుములు, మక్కజొన్న, ప్రత్తి వేస్తాడు. పడకపోతే మబ్బుల్ని తిడతాడు. కూలి ఇచ్చేచోట పేచీ పెట్టడు. భార్య సుబ్బమ్మాళ్ అంటే ప్రాణం, కాకపోతే ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. చేలో ప్రత్తి తీస్తూ నడుము ఎత్తితే పడమటి దిక్కున కొండలు కనిపిస్తాయి. "ఆ కొండమీద ఎండాకాలంలో గూడా దుప్పటి కప్పుకుంటారంట," అని పెళ్ళయిన కొత్తలో అంది. "తీసుకుపోతాలే," అన్నాడు. పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని ఎవరి కాపురాలకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన ఇంకా "తీసుకుపోతాలే" అంటూనే ఉన్నాడు.

రెండేళ్ళ కిందట, తై నెలలో, అంటే సంక్రాంతి రోజుల్లో, మినుములు అమ్మిన డబ్బు చేతిలో ఆడుతున్నప్పుడు ఫోన్ వచ్చింది. కోవిల్‌పట్టిలో ఫ్రిజ్ కొన్నప్పుడు నింపిన కూపన్‌కు బహుమతి తగిలిందట. భార్యాభర్తలిద్దరూ కలిసి విరుదునగర్‌లోని ఒక హోటల్‌కు వచ్చి అందుకోవాలట. ఊరికే వచ్చేదాన్ని ఎవరు కాదంటారు? ఇద్దరూ పట్టుబట్టలు కట్టుకుని బస్సెక్కారు.

హోటల్ హాలు నిండా గుండ్రటి బల్లలు, చెవులు హోరెత్తే పాటలు, గోడమీద కొండల బొమ్మలు. ఒక్కో జంటకు ఒక్కో ఉద్యోగి. వీళ్ళ బల్ల దగ్గరికి సంగవి అనే పిల్ల వచ్చింది. నీలం కోటు, మెడలో కార్డు, చక్కటి తమిళం. ఒకసారి డబ్బు కడితే చాలు, ఇరవై ఐదేళ్ళపాటు ఏడాదికో వారం కొండమీద రూమ్ మీదేనని అప్పజెప్పినట్టు చెప్పింది. మేనేజర్ మురుగేశన్ బల్లల మధ్య తిరుగుతూ అందరినీ "అయ్యా, అమ్మా" అని నవ్వుతూ పలకరిస్తున్నాడు.

సుబ్బమ్మాళ్ భర్త చెవిలో, "దుప్పటి వాళ్ళే ఇస్తారా, మనం ఎత్తుకుపోవల్లా, అడగండి," అంది.

సంగవికి నవ్వొచ్చింది. "వాళ్ళే ఇస్తారమ్మా," అని తెలుగులోనే అంది.

పెరుమాళ్సామి మొహం వెలిగిపోయింది. "ఓహో, మన పిల్లేనా!" అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మురుగేశన్ దూరపు బల్ల దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, సంగవి గొంతు తగ్గించింది.

"అయ్యా, ఇది మీకు వద్దు. మీది కరిసల్ సేద్యం. కోతలు ముగిసి చిత్తిరై ఎండల్లోనే గదా మీకు తీరిక? ఊరంతా కొండకు ఎగబడేదీ అప్పుడే. మీరు కట్టే దుడ్డుకు ఆ నెలలో రూమ్ ఇయ్యరు. ఐప్పసి వానలో రమ్మంటారు. అప్పుడు మీరు చేలో విత్తనం వేస్తా ఉంటారు. పోయినా పోకపోయినా ఏటేటా చందా మాత్రం కట్టల్ల, అది పెరుగుతానే ఉంటాది. అమ్మకు కొండ చూపించల్లంటే నాలుగు దినాలు రూమ్ బాడుగకు తీసుకోండి, చాలు."

పెరుమాళ్సామికి కళ్ళు తెరుచుకున్నట్టయింది. అమ్ముకోవడానికి వచ్చిన పిల్ల అమ్మకాన్ని పక్కనపెట్టి ఇంత మేలు చెప్తోందంటే కారణం ఏమిటి? మనవాళ్ళ పిల్ల కాబట్టి, మన రక్తం కాబట్టి. ఆయనకు తోచింది అదే. సంతకం పెట్టమని ముందుంచిన కాగితాలు వెనక్కి నెట్టేశాడు. ఇక అలవాటు ఊరుకోనిస్తుందా?

"ఏ ఊరు తల్లీ మీది? ఎవరింటి పిల్లవు?"

సంగవి అబద్ధం ఆడలేదు. "మీ ఊరే అయ్యా. కూపన్‌లో మీ పేరు చూడంగానే తెలుసుకుంటిని. మా అవ్వ ముత్తుప్పేచ్చి. మీ చేన్లోనే ప్రత్తి తీస్తా ఉండె."

ముత్తుప్పేచ్చి ఉండేది ఊరవతల, వాగు దాటాక, కూలివాళ్ళ కాలనీలో. అక్కడి ఇళ్ళల్లోనూ మాట్లాడేది తెలుగే. కానీ ఆ తెలుగును పెరుమాళ్సామి వీధివాళ్ళెవరూ ఏనాడూ మనవాళ్ళ లెక్కలో వేసుకోలేదు.

కుర్చీ వెనక్కి జరిగింది. మాట అదే, అందులో ఒక్క అక్షరం మారలేదు. చెప్పినది ఎవరన్నదే మారింది. అంతసేపూ మేలుగా వినిపించినది ఇప్పుడు అవమానంగా వినిపించింది. మన దగ్గర కూలి తీసుకున్నవాళ్ళ మనవరాలు నా తాహతు లెక్కగట్టడమా? నాకు కొండమీద రూమ్ ఎందుకని అడగడమా? ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సుబ్బమ్మాళ్ బల్ల కింద మోకాలు తట్టింది. "ఆ బిడ్డ న్యాయంగా చెప్తా ఉండాది. లేవండి, పోదాం."

ఆయన లేవలేదు. మురుగేశన్ రాగానే, పక్క బల్లలవాళ్ళకూ వినిపించేలా, తమిళంలో అన్నాడు. "ఏం సార్, మీ పిల్లే వద్దంటోంది? సీజన్‌లో రూమ్ దొరకదంట, చందా పెరుగుతా పోతుందంట. మేం కట్టలేమని అనుకునిందా?"

మురుగేశన్ నవ్వు చెక్కుచెదరలేదు. "నువ్వు లోపలికి వెళ్ళమ్మా," అన్నాడు. సంగవి తల వంచుకుని వెళ్ళిపోయింది. పెరుమాళ్సామి చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. బహుమతిగా హాట్‌బాక్స్ ఇచ్చారు. బస్సులో సుబ్బమ్మాళ్ దాన్ని ఒళ్ళో పెట్టుకోవడానికి కూడా ఒప్పుకోలేదు.

చిత్తిరైలో ఫోన్ చేస్తే రూమ్ లేదన్నారు. ఐప్పసిలో అయితే ఉందన్నారు. ఆ మరుసటి ఏడూ అదే పాట, పైగా చందా పెరిగింది. పెరుమాళ్సామి నిప్పులు కక్కుకుంటూ విరుదునగర్ వెళ్ళి మురుగేశన్ ముందు నిలబడ్డాడు. మురుగేశన్ కాఫీ తెప్పించి, రూల్సు చదివి వినిపించి, చివర్లో ఎంతో మర్యాదగా అన్నాడు. "మీకు మేమే రుణపడి ఉన్నాం అయ్యా. ఆ రోజు మీరు చెప్పకపోతే ఆ పిల్ల ఇంకెంతమందిని చెడగొట్టేదో. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాం."

తను ఒక పిల్ల పొట్ట కొట్టాడన్న ఆలోచన ఈ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆయనకు రాలేదు. ఇప్పుడు వచ్చింది, వచ్చి కూర్చుంది. సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేక బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ ఊరు చేరాడు.

తెల్లారి వాగు దాకా నడిచాడు. కాలనీలో అడుగు పెట్టకుండా రోడ్డుమీదే నిలబడి కేకేశాడు. ముత్తుప్పేచ్చి కర్ర ఊతంగా పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. సంగవి ఎక్కడుందని అడిగితే, కోవిల్‌పట్టిలో కడలమిఠాయి అంగట్లో ఉందని చెప్పింది.

"మంచి పని పోయె సామీ. ఎవడో పాపాత్ముడు మేనేజర్‌తో చెప్పేసినాడంట. ఎవడని అడిగితే చెప్పదు. వాడు బాగుపడతాడా?"

ఆయన ఏదో పని ఉన్నట్టు వెనక్కి తిరిగాడు.

అంగడి నిండా పల్లీలూ బెల్లమూ కాగుతున్న వాసన. సంగవి మిఠాయి ముక్కలు పొట్లాలు కడుతోంది. ఆయన్ని చూసి చేయి ఆపింది, అంతే. దారి పొడుగునా ఆయన ఒక మాట అనుకుంటూ వచ్చాడు, "తప్పు చేస్తిని తల్లీ" అని. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరే మాట.

"ఆ దుడ్డు వెనక్కి రావల్లంటే ఏం చెయ్యల్ల?"

అడిగాక తన మీద తనకే రోత పుట్టింది. సంగవి మాత్రం అడిగినదానికి జవాబు చెప్పింది. "కన్స్యూమర్ కోర్టులో కేసు వెయ్యండి. సీజన్ సంగతి దాచి అమ్మిరని చెప్పల్ల. దానికి సాక్షి కావాల."

"నువ్వు... వస్తావా?"

"వస్తాను. నాకిచ్చిన ట్రైనింగ్‌లోనే దాచమని చెప్పిరి. అయితే అయ్యా, వాళ్ళ వకీలు ముందు నన్నే అడుగుతాడు, నిన్నెందుకు పనిలోంచి తీసిరని. నేను చెప్తే కోపంతో చెప్తా ఉండాదంటారు. అది మీరే చెప్పల్ల. నేను నిజం చెప్పిందీ, అది మీరు మేనేజర్‌కు చెప్పిందీ."

అంతవరకు చెప్పగలనేమో అనుకున్నాడు పెరుమాళ్సామి. సంగవి పొట్లానికి ముడి వేసి, ఆయన కళ్ళలోకి చూసింది.

"ఎందుకు చెప్పితిరని గూడా అడుగుతారు."

"చూసి చెప్తా," అని ఆయన బయటపడ్డాడు.

ఇంటికొచ్చి సుబ్బమ్మాళ్‌తో జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చెప్పేయండి. నేను పక్కన నిలబడతా. దుడ్డు రాకపోయినా పోనీ, ఆ బిడ్డకు పడిన మచ్చ పోతాది." ఆయనకు కోర్టు హాలు కళ్ళ ముందుకొచ్చింది. వకీళ్ళు, కోవిల్‌పట్టిలో తనను ఎరిగిన వ్యాపారులు, పేపరువాళ్ళు. వాళ్ళందరి ముందూ నిలబడి, పిల్ల మేలు చెప్పింది, కాలనీ పిల్ల అని తెలిసి మేనేజర్‌కు పట్టిస్తిని అని ఎలా అనడం? చేసేటప్పుడు హాలంతా వినేలా చేశాడు, చెప్పడానికి నోరు పెగల్లేదు. వకీలు దగ్గరికి రేపు పోదామన్నాడు, కోతలయ్యాక పోదామన్నాడు. ఆఖరికి పోనేలేదు.

మినుములు ఎండబోసిన కళ్ళంలోకి ఒకనాడు ముత్తుప్పేచ్చి వచ్చింది. సుబ్బమ్మాళ్ అక్కడే చేట పట్టుకుని కూర్చుంది.

"సామీ, కోర్టుకు ఏ దినం రావల్లని సంగవి అడగమనింది. అంగట్లో లీవు చెప్పల్లంట."

పెరుమాళ్సామి మినుముల్ని కాలితో తిరగేస్తూ, "కేసు లేదు. విడిచిపెట్టేస్తిమి," అన్నాడు.

ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "అంత మోసం చేసినవాళ్ళను గూడా మన్నించేస్తిరా సామీ! మీకుండే మనసు ఎవురికి వస్తాది?"

సుబ్బమ్మాళ్ చేట దించి భర్త మొహంలోకి చూసింది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని చూసింది. పెరుమాళ్సామి దండం అందుకున్నాడు. "సరి, పోయిరా," అన్నాడు.