చిక్కంలో మాత్రలు

నా చిన్నప్పుడు మా ఎద్దుల మీద నాకున్న జాలి మా ఇంట్లో మనుషుల మీద కూడా ఉండేది కాదు. మా ఊరు క్యాతగానచెర్లులో మాకు వాన మీద ఆధారపడిన చేను ఉండేది. శెనక్కాయ చెట్లు జానెడు పెరగ్గానే మా తాతయ్య సాళ్ళ మధ్య కలుపు పోవడానికి గుంటక తోలేవాడు. తోలే ముందు ఎద్దుల మూతులకు నారతాళ్ళతో అల్లిన చిక్కాలు కట్టేవాడు, పైరు మేయకుండా. రెండు పక్కలా పచ్చటి ఆకు, మధ్యలో మూతికి బుట్ట తగిలించుకుని నడిచే ఎద్దు. లోకంలో ఇంతకు మించిన అన్యాయం లేదని నా ఏడేళ్ళ బుర్రకు తోచింది.

ఒకరోజు తాతయ్య నీళ్ళు తాగడానికి గట్టు మీదికి వెళ్ళగానే ఎర్రెద్దు చిక్కం విప్పేశాను. అది నా వైపు ప్రేమగా చూస్తుందనుకున్నాను. అసలు చూడనే లేదు. తల వంచి సాలు పొడుగునా మేస్తూ పోయింది, గుంటకను అడ్డంగా ఈడ్చి ఇంకో సాలును పెళ్ళగించింది. పక్క చేలోంచి "తియ్యప్పా దాని తోలు!" అని కేకలు. తాతయ్య చర్నాకోల ఎత్తాడు. ఎత్తిన చేతిని కాసేపు అట్లాగే ఉంచి, దించేశాడు. ఎద్దునూ కొట్టలేదు, నన్నూ కొట్టలేదు. ఆ రోజుకు గుంటక చాలించాడు.

సాయంత్రం ఒక గంపలో వేయించిన శెనక్కాయలు పోసి నా చంకకెత్తాడు. పక్క పల్లెలో ఉన్న మా అత్తకు ఇచ్చి రమ్మన్నాడు, ఒక్కటి కూడా తినొద్దన్నాడు. నేను రొమ్ము విరుచుకుని బయల్దేరాను. మొదటి కాయ సరిగా వేగిందో లేదో చూడడానికి తిన్నాను. రెండోది, మొదటిదాని గురించి నేననుకున్నది నిజమేనా అని. మూడోదానికి కారణం వెతుక్కునే ఓపిక లేకపోయింది.

అత్త ఇల్లు చేరేసరికి గంప సగమైంది. నా వెనకే నింపాదిగా తాతయ్య వచ్చి, తువ్వాలు విప్పి, దారి పొడుగునా ఏరుకొచ్చిన పొట్టు నా ముందు పోశాడు. అత్త నవ్వు ఆపుకోలేక, "ఏంది నాయనా, నీ మనవడు తిరిగి పోయేకి దావ తప్పిపోతాడని గుర్తులు పెట్టుకుంటా వచ్చినాడా?" అంది.

నాకు ఏడుపొచ్చేసింది. "తినగూడదనే అనుకుంటి తాతా. చెయ్యి దానంతట అదే పోయింది."

"ఎద్దు గూడా అట్లే అనుకునింటాది. చెప్పేకి దానికి మాట లేదు, అంతే," అన్నాడు తాతయ్య, నన్ను దగ్గరికి తీసుకుని. "చిక్కం కట్టేది శిక్ష అనుకుంటివా? అది ఉంటే దానికి దెబ్బలు తప్పుతాయి, మనకు చేను దక్కుతాది. నడిచేది మాత్రం అదే నడవాల, చిక్కం నడవదు."

తిరిగొచ్చేటప్పుడు అత్త బెల్లం అచ్చు చేతికిచ్చింది. తాతయ్య భుజాన వేసుకొచ్చిన ఎర్రెద్దు చిక్కం నేనే అడిగి మూతికి కట్టించుకున్నాను. ఎద్దు చొంగ వాసన. దారిలో ఒక కుక్క నన్ను చూసి ఏ జాతో తేల్చుకోలేక చాలాసేపు మొరిగింది. బెల్లం మాత్రం చెక్కు చెదరకుండా ఇల్లు చేరింది.

ఇప్పుడు ఆ చేలో సోలార్ పలకలున్నాయి. ఎద్దులు పోయాయి, నాకు పనీ పోయింది. ఆ పలకలు పొద్దంతా ఎండ తాగి, పొద్దు గుంకగానే మానేస్తాయి. నేను పొద్దు గుంకాక తాగడం మొదలుపెట్టేవాణ్ణి. ఎన్నోసార్లు మానేశాను కూడా. మానేయడంలో నాకున్నంత అనుభవం మా ఊళ్ళో ఇంకెవరికీ లేదు. అట్లా మానేసిన ఒక వారానికే మళ్ళీ తాగి, వెనకాల మనవరాలిని కూర్చోబెట్టుకుని మోపెడ్‌తో సహా కిందపడ్డాను. పిల్లకు మోకాలు గీరుకుంది. మర్నాటి నుంచి కోడలే పిల్లను బడి బస్సు దాకా నడిపించుకుపోయింది. నా మోపెడ్ ఎదురైతే పిల్ల వాళ్ళమ్మ కొంగు వెనక్కి తప్పుకునేది. అది చూడలేక పావగడ ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. చేతుల వణుకు తగ్గేదాకా కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుంది. ఆ తర్వాత మాత్రలు రాసిచ్చింది. ఇవి తాగాలనే తహతహను తగ్గిస్తాయి, తాగకుండా ఉండాల్సింది మాత్రం మీరే, నెలనెలా వచ్చి నాతో మాట్లాడాల్సిందేనని చెప్పింది. తల ఊపి ఇంటికొచ్చాను. రెండు రోజులు ఆ షీటు విప్పలేదు. టీ అంగడిలో నా వయసువాడే ఒకడు, "మొగోడివి, మనసు గట్టిగా పెట్టుకుంటే సాలదా? మాత్రెందుకప్పా?" అన్నాడు. నాకూ అదే నామోషీ.

మూడో రోజు సాయంత్రం నోరు ఎండిపోతోంది, కాళ్ళు వాటంతట అవే బ్రాందీ అంగడి దారి పడుతున్నాయి. చొక్కా కోసం మేకు దగ్గరికి వెళితే, దాని పక్కన ఏళ్ళుగా వేలాడుతున్న ఎర్రెద్దు చిక్కం చేతికి తగిలింది. అత్త ముందు పోసిన పొట్టు కళ్ళ ముందు మెదిలింది. షీటు తీసి ఒక మాత్ర మింగి, అక్కడే గోడకానుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం బయటికి పోలేదు.

ఇప్పుడు మాత్రలు ఆ చిక్కంలోనే ఉంటాయి, మాత్ర మింగడాన్ని ఇంట్లో చిక్కం కట్టుకోవడమనే అంటాం. ఆశ పూర్తిగా పోయిందని చెప్పను. కొన్ని సాయంత్రాలు వస్తుంది, పిలుస్తుంది, మునుపటిలా మెడ పట్టుకుని ఈడ్చుకుపోదు. ఒకసారి తప్పాను కూడా. నా మీద నేనే చర్నాకోల ఎత్తబోయాను. తాతయ్య దించిన చెయ్యి గుర్తొచ్చి, మర్నాడు పొద్దున బస్సెక్కి డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను.

పోయిన నెల నుంచి మనవరాలు మళ్ళీ నా వెనక కూర్చుంటోంది. ఎక్కే ముందు మాత్రం నడుము మీద చెయ్యి పెట్టుకుని, "తాతా, చిక్కం కట్టుకుంటివా?" అని అడుగుతుంది. కట్టుకున్నానంటేనే ఎక్కుతుంది. బస్సు దాకా నడిపేది మాత్రం నేనే.