కొక్కెం తమ్ముడు

హెలికాప్టర్ బియ్యం బస్తాల వలను పైకి లేపుతుంటే, కొక్కెం దగ్గర ఏదో వేలాడుతూ కనిపించింది. కొక్కెం ఊడి బస్తాలు జనం మీద పడతాయని "ఆపండి!" అని కేకపెట్టాను.

వరదకు దారులు తెగిన ఊళ్లకు మాచర్ల బడి మైదానం నుంచి సరుకులు పంపుతున్న రోజులవి. కొక్కెం చూసుకునే కుర్రవాణ్ణి అందరం తమ్ముడనేవాళ్లం. అతను వెంటనే చేతులూపి వలను దింపించాడు. కొక్కేన్ని తెరిచి, మూసి, ఎప్పటిలా దానికి గబ్బిలంలా వేలాడి చూశాడు. గట్టిగానే ఉంది. నన్ను భయపెట్టింది మా అత్తయ్య దిష్టికి కట్టిన నిమ్మకాయ!

"ఏందమ్మాయ్, డిగ్రీ చదివి నిమ్మకాయకు జడుసుకున్నావా!" అంది అత్తయ్య. మైదానమంతా నవ్వింది.

అతను మాత్రం నిమ్మకాయ తెంపి నా చేతిలో పెట్టాడు. "అనుమానమొస్తే మళ్లీ అరువక్కా. ముందు ఆపుతా, తర్వాత చూస్తా."

మర్నాడు పొద్దున ఇంట్లో మా పిల్లలు నాలాగే "ఆపండి!" అని అరుస్తూ గంతులేశారు. వాళ్లకు చెప్పాను: "అమ్మ అరిస్తే ముందు ఆగండి. నవ్వడం తర్వాత."