మా తాత గోల్ కోసం రంగూన్ ప్రయాణం

ఎనభై ఏళ్ళు దాటాక మా మామ్మకి ఒక్క అనుమానం మిగిలింది: మా తాత అబద్ధమాడి తనని పెళ్ళి చేసుకున్నాడా అని.

తాత పెళ్ళికి ముందు రంగూన్ రేవులో మూటలు మోసేవాడు. అక్కడ స్కాట్లాండ్ నుంచి వచ్చిన అసలు సిసలు ఫుట్‌బాల్ ఆటగాడి కాలి కింద నుంచి బంతి లాగి గోల్ కొట్టానని చెప్పాడట. ఆట పిచ్చి ఉన్న మామ్మ తండ్రి ఆ మాటకే పడిపోయి పిల్లనిచ్చేశాడు. తాత పోయాడు గాని అనుమానం పోలేదు.

“నువ్వు డ్రిల్లు టీచరువి గదే. ఎల్లి కనుక్కురా. కొట్టినాడా నేదా, అదొక్కటే నాకు కావాల,” అంది మామ్మ.

విశాఖపట్నంలో రాత్రి హౌరా మెయిలెక్కాను. రంగూన్ వెళ్తున్నానంటే ఎదుటి సీటు పెద్దమనిషి “రంగూన్‌లో ఏం పనండీ?” అని అడిగాడు. “గోల్ పని,” అన్నాను. ఆయన ఇడ్లీ పొట్లం మూసి కిటికీ వైపు తిరిగాడు.

అది 1988, సైనిక పాలనలో బర్మా తలుపు ఓరగా మాత్రమే తెరుచుకునేది. వీసా వారానికి మించి ఇచ్చేవారు కాదు. కలకత్తా విమానంలో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి. విదేశీయులు బంధువుల ఇళ్ళలో ఉండకూడదు కాబట్టి లాడ్జీలోనే దిగాను. వెళ్ళదలచినవారు గొడుగు మరిచిపోకండి, వాన మనల్ని అడిగి కురవదు.

మా ఊరి చర్చివాళ్ళు చెప్పగా రంగూన్‌లోని తామ్వే పేట నుంచి దా మరియమ్మ వచ్చి నాకు తోడు తిరిగింది. అక్కడ పెద్ద ఆడవాళ్ళని ‘దా’ అనీ, పెద్ద మగవాళ్ళని ‘ఊ’ అనీ పిలవాలి. తాతని ఎరిగినవాళ్ళ కోసం రేవంతా గాలించాం. ఆఖరికి, ఆ స్కాట్లాండ్ దొర జట్టు గోల్‌కీపర్ ఊ అప్పన్న వంతెన అవతల తాకేటా పేటలో బతికే ఉన్నాడని తెలిసింది. విమానానికి ఇంకొక్క రోజే ఉంది.

పొద్దున్న ఎనిమిదింటికి చేపల పులుసు పోసిన మొహింగా సేమ్యా తింటుండగా మరియమ్మ చెప్పింది: “బస్సుల్లేవు టీచరమ్మా. పట్నమంతా రోడ్డెక్కినాది. నడాల.”

నడిచామా, ఊరేగింపు మమ్మల్ని మోసుకుపోయిందా, చెప్పలేను. విద్యార్థులు, నర్సులు, సన్యాసులు, బళ్ళు వదిలేసిన బస్సు డ్రైవర్లు అందరూ అక్కడే ఉన్నారు. ఎవరో నా చేతిలో అన్నం పొట్లం పెట్టారు, ఇంకెవరో నా తలకి ఎర్రగుడ్డ కట్టారు. అర్థం తెలియని నినాదం నేనూ అందుకున్నాను. డ్రిల్లు టీచరు గొంతు కదా, కాసేపటికి వంతెన మీద సగం మంది నా వెనకే అరుస్తున్నారు.

“సర్కారు దిగిపోవాలంటన్నావు, తెలుసా? రేపు ఇమానం ఎక్కాల నువ్వు,” అంది మరియమ్మ.

తెలిశాక ఇంకొంచెం గట్టిగా అరిచాను. వంతెన చివర సైనికుల లారీ కనిపించినప్పుడు మాత్రం మరియమ్మ చెయ్యి పట్టుకున్నాను. వాళ్ళు చూస్తూ ఊరుకున్నారు.

పదకొండింటికి ఊ అప్పన్న ఇంట్లో ఉన్నాం. నోట్లో పళ్ళు లేవు, జ్ఞాపకం మాత్రం గట్టిది. పాలు కలపని తేనీరు పోసి మొదలుపెట్టాడు.

“జాక్ దొర కూడా మనలాగే కూలోడమ్మా. మనం మూటలు మోసి వారం కూలి తీసుకుంటే, ఆడు గ్లాస్గోలోన బంతి తన్ని తీసుకునీవోడు. మొదటి పెద్ద యుద్దం అవగానే కుర్రోడప్పుడే జట్టులో సేరినాడు. మంచులోన, బురదలోన, ఏలమంది ముందు ఎడమేపు పరిగెత్తినాడు. మోకాలు పోనాది. పెద్ద జట్టు వద్దంది. సిన్న జట్టుకి ఎల్లినాడు, అదీ వద్దంది. అప్పుడే ఓడల కంపెనీ గుమస్తాగా ఇక్కడికొచ్చినాడు.”

సాయంత్రాలు దొరల క్లబ్బు మానేసి, బూట్లు విప్పి, రేవు కూలీలతో ఆడేవాడట.

“మా తాత గోల్ కొట్టాడా?”

“బంతి లాగినాడు, నిజిమే. ఎదురుగా నానొక్కడినే, నానూ జారి పడిపోనాను. కొట్టీడమే తరువాయి.” అప్పన్న నవ్వాడు. “కానీ మాకు చిన్లోన్ అలవాటు గదమ్మా.”

చిన్లోన్ అంటే పేము బంతి ఆట. అందరూ గుండ్రంగా నిలబడి, బంతి కింద పడకుండా కాళ్ళతో ఒకరికొకరు అందించుకుంటారు. అందులో జట్లూ లేవు, గెలుపూ లేదు. ఖాళీ గోల్ ముందు మా తాత బంతి పైకెగరేసి, మోకాలితో ఒకసారి, మడమతో ఒకసారి తట్టి, మర్యాదగా మళ్ళీ దొరకే అందించాడట!

“దొర బిక్కమొగమేసి, తలతో తిప్పి పంపినాడు. ఇంక మేచ్ ఏటి, అందరం గుండ్రంగా నిలబడిపోనాం. సీకటి పడీదాకా గోలు ఎవులికీ గుర్తు నేదు. గ్లాస్గోలోన ఇన్నేళ్ళు కూలికి ఆడినాను, ఆడుకున్నది ఇయ్యాలే అన్నాడు దొర.”

వచ్చేస్తుంటే అప్పన్న నాకొక పేము బంతి ఇచ్చాడు.

మర్నాడు విమానం లేచింది. ఆ ముందు రాత్రే సైన్యం కాల్పులు మొదలుపెట్టిందని తర్వాత విన్నాను. వంతెన మీద నా వెనక అరిచినవాళ్ళు ఏమయ్యారో ఈనాటికీ తెలియదు. రంగూన్ అంటే నాకు వాళ్ళ గొంతులే. కలకత్తా నుంచి రైల్లో దారంతా ఒకటే గుంజాటన. కొట్టాడని చెప్పేస్తే పోలేదా, ముసలిప్రాణం నిశ్చింతగా ఉంటుంది కదా అనుకున్నాను.

పొద్దున్న ఆరింటికి ఇల్లు చేరాను. మామ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“కొట్టినాడా?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. “లేదు మామ్మా,” అని జరిగినదంతా చెప్పేశాను.

మామ్మ భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది. “అదీ మా ముసిలోడంటే. కొత్త పంచె కొన్నా ఎవులికో ఇచ్చీసి ఒచ్చీవోడు. గోలు కొట్టినాడంటే నానెలా నమ్మీది? ఇది నమ్ముతాను.”

కళ్ళు తుడుచుకుని, నా చేతిలోని పేము బంతి లాక్కుని, కూర్చున్నచోటే కాలితో నా మీదికి తన్నింది. సంచి పారేసి మోకాలు అడ్డం పెట్టాను. బంతి కింద పడలేదు.