మా అక్క చేతులు, నీలం నగర్ డాక్టరమ్మ

పెండ్లిళ్ల సీజన్ల జాకెట్లు కుట్టే దుకాణం మూసి ఊరికి పోతె ఏమైతదో సిద్దిపేటల నన్నడుగుండ్రి. ముగ్గురు పెండ్లికూతుండ్ల తల్లులు నన్ను తిట్టని తిట్టు లేదు. అయినా పోయిన. సోలాపూర్ల మా అక్క రాజవ్వ కుడిచేతికి గురువారం ఆపరేషన్ ఉండె. వేండ్లు తిమ్మిరెక్కి, రాత్రిళ్లు మంటలు లేచి, బీడీ ఆకు పట్టుకుంటె జారిపోతున్నదట. మణికట్టు కాడ నరం ఒత్తుకున్నది, కోసి వదులు చెయ్యాలె అని పెద్ద దవఖానల చెప్పిండ్రు. బావ నర్సయ్య ఫోన్ చేసి, "పిల్లా, నాలుగు రోజులొచ్చి ఉండు. నేను వండితే మీ అక్క ఆపరేషన్ కంటె ముందే పోతది" అన్నడు.

సోమవారం పొద్దుగాల ఐదున్నర బస్సుకు బయలెల్లిన. జూబ్లీ బస్టాండ్ల దిగి, ఆటోల సికింద్రాబాద్ స్టేషన్‌కు పోయి, ముంబై దిక్కు పోయే బండెక్కిన. కిటికీ సీటే దొరికింది. మీరు ఈ తొవ్వల పోతె ఇంటి నుంచే సద్ది కట్టుకపోండ్రి. నేను కట్టుకపోలె. తాండూర్ల మిర్చి బజ్జీలొచ్చినయి, వాడిల వడలొచ్చినయి. చూసి ఊకునే మనిషిని గాను నేను.

ఎదురుంగ ఒక పెద్దమనిషి కూసున్నడు. వాళ్ల తాత నల్లగొండ దిక్కు నుంచి మగ్గం పనికి సోలాపూర్ వచ్చిండట. మూడు తరాలైనా మాటల మన యాసే ఉన్నది, నడుమ నడుమ మరాఠీ దొర్లుతది. నేను అక్క సంగతి చెప్తె చెయ్యూపి కొట్టేసిండు. "అదేం లేదమ్మా. బీడీల ఆడోళ్లకు చేతులు పోతయి, పవర్లూమ్ మొగోళ్లకు చెవులు పోతయి. సోలాపూర్ల ఇది కామన్."

నిజమే గద అనుకున్న.

ఆరు దాటినంక సోలాపూర్ల దిగిన. స్టేషన్ బయట షేర్ ఆటోవాళ్లు మీద పడ్తరు. అశోక్ చౌక్ అని గట్టిగ చెప్పి కూసోండ్రి, బేరం తెలుగులనే చెయ్యొచ్చు. అక్కడ దిగి ఇంకో ఆటోల నీలం నగర్ పోయిన. గల్లీల అడుగు పెట్టంగనే మగ్గాల చప్పుడు. అక్కడ ఎవలు ఎవలితోని మాట్లాడినా కొట్లాడుతున్నరేమో అనిపిస్తది గాని, చప్పుడు మీదికెల్లి ఇనవడాలె గద, ప్రేమ కూడ అరుసుకుంటనే చెప్తరు.

అక్క గడపల కూసోని ఉన్నది, భుజాల చుట్టు చాదర్ కప్పుకొని. సోలాపూర్ల చాదర్ కప్పుకోక ఇంకేం కప్పుకుంటరు అని నాకు ఏమనిపియ్యలె. "వచ్చినవా చెల్లె" అన్నది. గంతే. మా అక్క సంగతి మీకు తెల్వదు. ఇది వరకైతె ఆటో మలుపు తిరగంగనే కేకేసేది, సంచి గుంజుకునేది, ఇంత బక్కగైనవేందే అని ఏడ్చేది. గొంతు కూడ మారింది, బొంగురు పోయింది.

పక్కన అరుగు మీద నలుగురు ఆడోళ్లు చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతున్నరు. మాటలు ఒక దిక్కు, వేండ్లు ఒక దిక్కు నడుస్తున్నయి. ఆకు కోసుడు, తంబాకు పోసుడు, మెలేసి దారం చుట్టుడు, అన్నీ చూడకుంటనే. వాళ్ల నడుమ అక్క చాట ఉత్తగ ఉన్నది.

రాత్రి జొన్నరొట్టె, పల్లికారం పెట్టింది. ఆ పల్లికారం కోసమన్న సోలాపూర్ పోవాలె, నూనె పోసుకొని తింటె ఆగబుద్ధి గాదు. తినుకుంట అడిగిన, ఎట్లున్నవే అని. ఆమె కంటె ముందు బావ చెప్పిండు. "వేండ్లంటవా, బీడీలతోని. గొంతంటవా, మగ్గాల కాడ అరిసి అరిసి. లావైంది కూసునే పనితోని. మెల్లగైంది, వయసు గద." అన్నిటికీ ఆయన కాడ జవాబుంది. బావ చెయ్యి కడుక్కునేతందుకు లేచిపోయినంక అక్క మెల్లగ అడిగింది, "చెల్లె, చెయ్యి కోస్తె మళ్ల ఆకు తిప్ప వస్తదా? తిప్పరాకపోతె నేను ఈ అరుగు మీద ఏం చెయ్యాలె? వీళ్ల నడుమ కూసోని ముచ్చట ఇనాల్నా ఉత్త చేతులతోని?"

మంచిగైతదిలే అన్న. ఏమైతదో నాకేం తెలుసు!

మంగళవారం తెల్లారంగ నా కడుపు తిరగబడ్డది. తాండూరో వాడియో, ఎవల్ని తిట్టాల్నో తెలువలె. పది గంటలకు అక్కనే నన్ను గల్లీ చివరి డాక్టరమ్మ కాడికి తోల్కపోయింది. ఒక్క గది దవఖాన, బయట బెంచీ. డాక్టరమ్మ మరాఠీ ఆమె. బీడీ ఆడోళ్ల కాడ నేర్చుకున్న తెలుగు మాట్లాడ్తది, మన యాస దిగిపోయింది.

"కాయ్ ఝాలం? ఏమైంది?"

నేను బజ్జీల కథ మొదలువెట్టిన. ఆమె నా కడుపు ఒత్తుకుంటనే నా భుజం మీదికెల్లి ఎన్కకు చూస్తున్నది. నాకు కోపమొచ్చింది. రోగిని నేను గద! ఇటు చూడమ్మా అందామనుకునే లోపట, "మావశీ" అన్నది అక్కను. అంటె పిన్నీ అని. "ఫ్యాన్ కింద మేమంత చెమటలు కారుతున్నం. నీకు చలి పెడ్తున్నదా?"

"జర పెడ్తది" అన్నది అక్క, చాదర్ దగ్గరికి గుంజుకొని.

వైశాఖం ఎండలు. బయట కుక్కలు కూడ మోరీల పండుకున్నయి.

నాకు గోలీలు రాసిచ్చి పక్కకు జరిపి, అక్కను స్టూలు మీద కూసోవెట్టింది. ఇగ అడుగుడే అడుగుడు. గొంతు ఎప్పటి సంది గిట్లుంది? వెంట్రుకలు రాల్తున్నయా? దొడ్డికి సాఫ్ అయితదా? నిద్ర పగటిపూట కూడ వస్తదా? ఒక్కటే చెయ్యా, రెండు చేతులా? రెండూ అన్నది అక్క, ఎడమది జర తక్కువ. గొంతు మీద వేండ్లు పెట్టి నీళ్లు మింగమన్నది. కుర్చీ మీద మోకాళ్లేసి నిలవెట్టి మడమ మీద చిన్న సుత్తితోని కొట్టింది. నేను వింతగ చూస్తుంటె నన్ను కూడ ఎక్కమన్నది. నా పాదం టక్కున తన్ని టక్కున ఊకున్నది. అక్కది తన్నింది గాని, పెండ్లికి పోయి ఇంటికొచ్చే చుట్టం తీరు తాపీగ వెనక్కొచ్చింది.

డాక్టరమ్మ కుర్చీల కూలవడి తలకాయ పట్టుకున్నది. "రెండేండ్ల సంది ఈమె నా కాడికొస్తున్నది. ఒకపారి మలబద్ధకమంటె దానికిచ్చిన. ఒకపారి ఒళ్లునొప్పులంటె దానికిచ్చిన. అన్నీ ఒక్కపారి ముందలేసుకొని చూడలె. బీడీల చెయ్యి అనంగనే నేను కూడ చెయ్యినే చూసిన."

గొంతుల ఉండే థైరాయిడ్ మందగించినట్టుంది, చలి, బొంగురు, ఆ తాపీ పాదం అన్నీ దానితోనే కావొచ్చు అని చెప్పింది. "పక్కా అని ఇప్పుడే అనను. షుగర్ ఉన్నా తిమ్మిర్లొస్తయి, రక్తం తక్కువున్నా చలి పెడ్తది. అన్నిటికీ రక్తం తీపిస్త."

బావను పిలిపిచ్చింది. బావ మగ్గం ఆపి, బనీనుకు దూది అంటుకొని అట్లనే ఉరికొచ్చిండు. రిపోర్టొచ్చేదాక ఆపరేషన్ వద్దని డాక్టరమ్మ అంటె, ఆపుడేంది అని ఆయన గొడవ. "ఆ తారీఖు దొరికిచ్చుకునేవరకు నా చెప్పులరిగినయి మేడమ్! పెద్ద డాక్టర్ తప్పు చెప్పిండా?"

"తప్పు చెప్పలె. నరం ఒత్తుకున్నది నిజమే. ఎందుకు ఒత్తుకున్నదో మనం అడగలె. థైరాయిడ్ మందగిస్తె లోపట వాపొచ్చి కూడ నరం ఒత్తుకుంటది." అక్క బొటనవేలు మీదికి లేపిచ్చి, తన వేలుతోని కిందికి నూకి చూసింది. వేలు ఒంగలె. "ఈ బొటనవేలు కింద కండ కరిగిపోతె నేనే ఉరికిచ్చి ఆపరేషన్‌కు పంపుతుంటి. కరగలె, బలముంది. అందుకే ఆగొచ్చు అంటున్న. రక్తం రిపోర్టు రానీ, నేనే ఆ డాక్టర్‌తోని మాట్లాడ్త. గోలీతోని తగ్గకపోతె ఆపరేషన్ యాడికి పోదు. కోసినంక మాత్రం కోయనట్టు చెయ్యలేం గద."

బావ మళ్ల మగ్గం కాడికి పోయిండు. బుధవారం పొద్దంత ఇంట్ల ఎవలకు అన్నం సయించలె. అక్కకైతె పక్కా ఆపరేషనే అనిపిస్తున్నట్టుంది, ఉత్త చాటను తీసి నడింట్ల మూలకు పెట్టింది. నేను కుమఠా నాకా దాక పోయి నాలుగు టవల్స్ కొన్న, మనసు వాటి మీద లేదు. సాయంత్రం రిపోర్టొచ్చింది. షుగర్ లేదు, రక్తం బాగనే ఉన్నది. థైరాయిడ్ మాత్రం డాక్టరమ్మ అన్నట్టే, మస్తు మందగించింది.

డాక్టరమ్మ మా ముందలనే పెద్ద దవఖానకు ఫోన్ చేసింది. ఆపరేషన్ డాక్టర్ కూడ రెండు మూడు నెలలు చూద్దామన్నడు. రోజు పరగడుపున ఒక్క గోలీ, మొదలు చిన్నది, గుండెకు బరువు గాకుంట మెల్లమెల్లగ పెంచుకుంట పోవుడు. మింగినంక గంట దాక చాయ్ తాగొద్దు. సోలాపూరోళ్లకు ఇంత కంటె పెద్ద శిక్ష లేదు. "వేండ్లు మంచిగైతయా?" అని అక్క అడిగింది. "అయితయనే అనుకుంటున్న మావశీ, మాటియ్యను. నెలల్లెక్క పడ్తది. పదిహేను రోజులకొకపారి వచ్చి నాకు బొటనవేలు చూపియ్యాలె."

శుక్రవారం పొద్దుగాల నేను తిరుగు బండికి వచ్చిన. అక్క, బావ ఇద్దరు స్టేషన్‌కొచ్చిండ్రు. ఒక డబ్బా పల్లికారం, ఒక కట్ట జొన్నరొట్టెలు తెచ్చిండ్రు. ఈసారి తొవ్వల ఏం తినద్దని బావ ఒట్టేపిచ్చుకున్నడు. సోలాపూర్ ఎట్లున్నదంటె ఏం చెప్పాలె, మనోళ్ల ఊరే గని జర గట్టిగ మాట్లాడ్తది. కడుపునిండ పెట్టి, కండ్లనిండ చూసుకొని పంపుతది. 

బావ నీళ్ల సీసకు పోయిండు. అక్క కిటికీల చువ్వ పట్టుకొని నిలవడ్డది. గొంతు అదే బొంగురు, మాట అదే మెల్లగ.

"చెల్లె, నీకో మాట చెప్పాల్నా? రెండేండ్ల సంది నాకు ఏ పని చెయ్యబుద్ధి గాలె. పండుగొచ్చినా సంబురం లేదు. మనుమడు దగ్గరికొస్తె ఎత్తుకోబుద్ధి గాలె. పేరు పెట్టి పిలుద్దామంటె పేరు యాదికి రాకపోయేది. నేను చెడ్డదాన్నయిపోయిన్నేమో, నా మనసు రాయైపోయిందేమో అనుకున్న. ఎవలకు చెప్పలె, సిగ్గయింది. నిన్న డాక్టరమ్మను చాటుకు అడిగిన. అది కూడ ఈ థైరాయిడ్‌తోనే వస్తదట." చువ్వ మీదున్న నా వేండ్ల మీద తన చెయ్యేసింది. కండ్లల్ల నీళ్లు, మూతి మీద నవ్వు. "రోగమట చెల్లె! నేను గాదట, రోగమట!"

బండి కదిలింది. నేను కొంగు మూతికి అడ్డం పెట్టుకొని వాడి దాక ఏడ్చుకుంట నవ్వుకుంట వచ్చిన. పక్క సీటామె చాలాసేపు చూసి చూసి అడిగింది, "ఏమైందమ్మా, ఇంట్ల అంత మంచిదేనా?"

"మంచిదే" అన్న. "మా అక్కకు రోగమున్నదట."

ఆమె నన్ను కిందికి మీదికి చూసి, తన సంచి జర అటు జరుపుకున్నది.