అత్త వదిలేసిన జిల్లేళ్ళు

మా మేనత్తకు ముక్కు మీదే కోపం. నాకూ అదే వచ్చిందంటారు. వస్తే వచ్చింది, నాకేం సిగ్గు లేదు. అత్తా మామయ్యా ఇద్దరూ రోడ్డు గట్ల మీద గడ్డి కోసేవాళ్ళే. మిషన్లు భుజాన తగిలించుకుని రోడ్డుకు ఆయన అటుపక్క, ఆమె ఇటుపక్క కోసుకుంటూ పోతారు. మధ్యాహ్నం ఒకే క్యారియర్ విప్పుకుని తినేవారు.

కల్వర్టు దాటాక అత్త కోసే పక్కన ఓ రాళ్ళ గట్టు ఉంది. గడ్డి కూడా మొలవడానికి వెనకాడే నేల. అక్కడ జిల్లేళ్ళు ఎవరూ నాటకుండానే గుబురుగా లేచాయి. ఎండలు ముదిరేకొద్దీ విరగబూసేవి. ఆకుల మీద చారల గొంగళిపురుగులు, పూల మీద నారింజరంగు సీతాకోకచిలుకలు. అక్కడికి రాగానే అత్త మిషన్ ఆపేసి, గుబురు దాటాక మళ్ళీ స్టార్ట్ చేసేది. కాయలు పగిలి దూది ఎగిరిపోయేదాకా ఇదే వరస. మేస్త్రీ అడిగితే "మోకాళ్ళ నొప్పి, గట్టెక్కలేను" అనేది. పచ్చి అబద్ధం. రోజూ అన్నం తిన్నాక ఎక్కి ఆ పూల పక్కనే కూర్చునేది.

ఆ అబద్ధాన్ని మామయ్య నమ్మాడు. అదీ ఖర్మ.

మొన్న వేసవిలో అత్త జ్వరంతో ఇంట్లో పడుకుంది. మామయ్య ఆమె వంతు కూడా తనే కోసి, గట్టెక్కి, జిల్లేళ్ళను మొదలంటా కోసేసి వచ్చాడు. "నీకిక గట్టెక్కే బాధ లేదు" అని మురిసిపోతూ చెప్పాడు. అత్త జ్వరంతోనే పరిగెత్తింది. వెనకే మామయ్యా, నేనూ. మోళ్ళ నుంచి పాలు కారుతున్నాయి. వాడిపోతున్న ఆకుల మీద గొంగళిపురుగులు దిక్కు తెలియక పాకుతున్నాయి.

"ఎవరు కొయ్యమన్నారు నిన్ను?" అత్త ఇంతెత్తున లేచింది.

"నీ మోకాళ్ళ కోసమేగా! కొయ్యొద్దని ఓ మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగొచ్చుగా! ఇన్నేళ్ళూ అటుపక్క నుంచి చూస్తూనే ఉన్నావు. మోకాళ్ళ నొప్పి మనిషి రోజూ ఈ గట్టెందుకు ఎక్కుతోందని ఒక్కసారన్నా అనిపించలేదా?"

మామయ్య మొహం చిన్నబోయింది. జాలి పడాల్సింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మంచి చేయబోయి పాడుచేసినవాణ్ణి తిట్టను కూడా తిట్టలేం.

వానలకు మోళ్ళు చిగురించాయి. ఇప్పుడు కల్వర్టు దగ్గరికి రాగానే మామయ్య కూడా అటుపక్క మిషన్ ఆపేసి, అత్త గుబురు దాటేదాకా నిలబడుతున్నాడు. అత్త అటు కన్నెత్తి చూడదు. మధ్యాహ్నం ఎవరి క్యారియర్ వాళ్ళు విప్పుకుంటున్నారు.